మూడో చరణంలో మృగరాజు

సముద్రపు ఒడ్డుదాకా పాకిన ఒక పెద్ద అడవిలో బుడగన్న అని ఒక నీటికుక్క ఉండేవాడు. చేపలు పట్టుకు తిని ఒడ్డున పొర్లాడితే పోయేదానికి, వాడికి సంగీతం పిచ్చి పట్టుకుంది. ఖాళీ తాబేటిచిప్పకి కొబ్బరిపీచు తీగలు బిగించి, ఒడ్డున రాతిగుహలో కూర్చుని వాయించేవాడు. తీగని గోటితో వడివడిగా మీటితే ఆ మోత గుహంతా తిరిగి తడితడిగా వచ్చేది. అల లేవడం, వంగడం, విరిగి ఇసకలో ఇంకడం అన్నీ అందులో వినబడేవి. మాట మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. అల విరిగేటప్పుడు మధ్యలో ఎవరైనా మాట్లాడతారా అని వాడి వాదన.

ఆ వాదన అరణ్య సంగీత మండలి ముందు నిలవలేదు. మండలి కార్యదర్శి తొండ. ఎవరేమన్నా తలూపడం తప్ప మరో విద్య రాకపోయినా, ఆ ఒక్క విద్యతోనే పదేళ్ళుగా కుర్చీలో ఉన్నాడు. మండలి దరఖాస్తులో నాలుగో గడి 'సాహిత్యం'. బుడగన్న ఏటా ఆ గడి ఖాళీగా వదిలేసేవాడు, తొండ ఏటా దరఖాస్తు తిప్పి పంపేవాడు. పాట వాన మీదున్నా, వంకాయ మీదున్నా, మూడో చరణం మాత్రం మృగరాజు సింహం మీద ఉండాలని అక్కడి రివాజు.

"వాయింపు బాగానే ఉందోయ్," అన్నాడు తొండ ఒకసారి జాలిపడి. "కానీ అందులో రాజుగారు ఎక్కడ కూర్చుంటారు?"

ఆ రోజుల్లోనే సాలెపురుగులు అడవి నుంచి అడవికి దారాలు కట్టాయి. ఈ కొసన వాయిస్తే ఆ కొసన వినబడుతుంది. విన్నవాళ్ళకి ముచ్చటేస్తే దారం లాగాలి, ఇక్కడి కొస ఊగుతుంది. బుడగన్న కూడా ఒక కొస తెచ్చి చిప్పకి కట్టుకున్నాడు.

నెల్లాళ్ళు అది కదల్లేదు. ఒక పొద్దున రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా ఊగింది. ముందు గాలేమో అనుకున్నాడు. తర్వాత సాలెపురుగులు కబురు తెచ్చాయి. ఎక్కడో మంచుకొండల కింద అడవిలో ఒక ముసలి ఎలుగుబంటి, పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడనివాడు, పాట వింటే తన కాళ్ళు తడిసినట్టుందన్నాడట. బుడగన్నకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆరోజు చేపలు పట్టడం కూడా మరిచిపోయాడు.

ఏడాది తిరిగేసరికి రోజుకి పదివేల ఊపులు. ఏ అడవి భాష దానిదే, కానీ మాటే లేని పాటకి భాషతో పనేముంది? అయినా ఎన్ని ఊగినా బుడగన్న ముందు వెతికేది ఆ రెండు మెల్లనివీ, ఒక గట్టిదీ.

సంగతి మృగరాజు చెవిన పడింది. పదివేలమంది వినే పాటలో మా పేరు ఒక్కసారైనా లేదా అని అడిగాడు. తొండ అలవాటుకొద్దీ తలూపాడు. ఊపాక, ఊపినదానికి ఉపాయం కూడా తానే చెప్పాలని తెలిసొచ్చింది.

మర్నాడు తొండ అరిటాకు శాలువా పట్టుకుని స్వయంగా గుహకొచ్చాడు. నిన్నటి 'ఏమోయ్' ఇవాళ 'బుడగన్న గారూ' అయింది. పాటకి మాటలు మండలి పెడుతుందట, గానకళానిధి నెమలి పాడతాడట, బుడగన్నకి ఆస్థాన విద్వాంసుడి హోదా ఇస్తారట.

"వద్దంటే?"

"వద్దంటే ఈ గుహ మండలిదని తేలుతుందండి. దారం తెంపాల్సొస్తుంది. నాకు మాత్రం ఇష్టమా చెప్పండి?"

దారం తెగితే ఎలుగుబంటి మళ్ళీ వినడు. పైగా, సిగ్గుచేటైనా చెప్పాలి, సొంత అడవివాళ్ళు ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని వింటే బాగుండునని బుడగన్నకి ఎన్నాళ్ళుగానో ఆశ. ఒప్పేసుకున్నాడు.

నెమలికి బిరుదిచ్చింది పింఛం చూసి. గొంతు సంగతి ఎవరూ అడగలేదు. మూడో చరణందాకా వినేవాళ్ళు ఆగుతారో లేదోనని మూడు చరణాలూ రాజుగారి మీదే రాయించారు. కచేరీనాడు బుడగన్న అల లేపగానే దాని నెత్తిన నెమలి "మృగేంద్రా" అని ఒక్క అరుపు అరిచాడు. దారాలు ఊగడం మొదలెట్టాయి. సాయంత్రానికి లక్ష దాటాయి. మృగరాజు జూలు దువ్వుకున్నాడు, తొండ మెడ నొప్పెట్టేలా తలూపాడు. బుడగన్న ఒక్కడే దారం వంక చూస్తూ కూర్చున్నాడు. లక్షలోనూ ఆ రెండు మెల్లనివీ ఒక గట్టిదీ లేవు.

చలికాలం రాగానే దూరపు అడవి నుంచి ఒక వలస కొంగ దిగింది. మృగరాజు కొలువుకి పిలిపించి, మీవైపు మా పాట గురించి ఏమనుకుంటున్నారని అడిగాడు. పాపం, ఆ కొంగకి కొలువు మర్యాదలు తెలియవు.

"మా పిల్లలు మేత ముట్టకపోతే మీ పాటే వినిపిస్తామండి. నవ్వి నోరు తెరుస్తారు, అప్పుడు చేప పెట్టేస్తాం. మా చుట్టాలందరూ అంతేనండి."

తొండ అలవాటుకొద్దీ తలూపాడు.

ఇకమీదట ఏ పాటలోనూ ఒక్క మాటైనా వినబడకూడదని అప్పటికప్పుడు ఆజ్ఞ వచ్చింది. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, తలూపినందుకు కార్యదర్శి పదవి ఊడినవాడు వారం తిరక్కుండా 'మాటల్లేని సంగీత మండలి'కి అధ్యక్షుడై కూర్చున్నాడు. నెమలి నోరు మూసుకుని పింఛం విప్పి నిలబడితే కచేరీ అన్నారు. అన్నీ చూసి, తన రోజులొచ్చాయనుకుని బుడగన్న దరఖాస్తు పెట్టుకున్నాడు. తిరిగొచ్చింది. పాత పాటలో మాటలున్నట్టు రికార్డు ఉంది కాబట్టి, తను మాటల్లేకుండా వాయించగలడని నెమలి దగ్గర ధ్రువపత్రం తేవాలట.

బుడగన్న ఆ కాగితం మడిచి చిప్ప కిందికి ఎత్తు పెట్టుకున్నాడు. చిప్ప చక్కగా కుదురుకుంది. అల లేపాడు, వంచాడు, విరిచాడు. నవ్వు కోసం వచ్చినవాళ్ళు ఎప్పుడో పోయారు. రెండు రోజులు దారం కదల్లేదు. మూడోనాడు పొద్దున్నే మెల్లగా ఊగింది. మళ్ళీ మెల్లగా ఊగింది. బుడగన్న తీగ మీద గోరు ఆపాడు.

అప్పుడు గట్టిగా ఊగింది.

నీతి: నలుగురూ వినడానికి పాట చాలు, నలుగురిలో నవ్వులపాలు కావాలంటేనే మండలి కావాలి.