విఠల్‌రావు జోస్యం

ఆదివారం పొద్దున విఠల్‌రావు పెట్టుకున్న పని చిన్నదే. గడ్డం గీయించుకుని, దారిలో కొత్తిమీర కొనుక్కుని ఇంటికి రావాలి. లాల్‌దర్వాజా సందులో యూసుఫ్ మంగలి షాపులో ముఖం నిండా నురగ పూయించుకునే దాకా అంతా సజావుగానే సాగింది.

"సాబ్, మీ ఊర్ల సర్పంచ్ ఎలక్షన్ అంటగా? ఎవరు గెలుస్తరు?" అన్నాడు యూసుఫ్.

విఠల్‌రావు సొంతూరు వికారాబాద్ అవతల. అటు తొంగిచూసి ఏళ్లయింది. పోటీలో కాశమ్మ, నాగమణమ్మ ఉన్నారని తప్ప ఇంకేమీ తెలియదు. కానీ ఆఫీసులో సూపరింటెండెంటు. 'తెలియదు' అనే మాట ఆయన నోటికి అలవాటు లేదు.

"గెలిచేదేముంది భాయ్? కాశమ్మ లోపల్లోపల కాంప్రమైజ్ అయింది. నాగమణమ్మనే సర్పంచ్. నాకు పైనుంచి ఖబర్ ఉన్నది."

పక్క కుర్చీలో ముఖం మీద తువ్వాలు కప్పుకున్న మనిషి దిగ్గున లేచాడు. అతను నాగమణమ్మ మరిది. "మస్తు ఖబర్ చెప్పినవే అన్నా!" అంటూనే ఊరికి ఫోన్ కలిపాడు.

విఠల్‌రావు అప్పుడే అతన్ని ఆపి ఉండవచ్చు. కానీ "సిటీల పెద్దాఫీసరు విఠలన్న చెప్పిండు" అన్న మాట చెవిన పడ్డాక ఆయనకు ఆపబుద్ధి కాలేదు.

సగం గడ్డం గీసేసరికి ఊళ్లో నాగమణమ్మ వాళ్లు పటాకులు కాల్చారు. కాశమ్మ మనుషులు 'అమ్ముడుపోతివా' అంటూ ఆమె ఇంటి మీదికే వెళ్లారు. రోషమొచ్చిన కాశమ్మ కొడుకు తమ బోరు ఆపేసి నాగమణమ్మ వాడకు నీళ్లు లేకుండా చేశాడు. నాగమణమ్మ వాళ్లు కాశమ్మ వాడకు పాలు బంద్ పెట్టారు. ఈ కబుర్లన్నీ ఆ మరిది ఫోన్‌లో విన్న విఠల్‌రావు మిగిలిన సగం గడ్డంతో ఇంటికి పరుగెత్తాడు.

"ఏంది గిది? కొత్తిమీరేది?" అంది భార్య కోమలవల్లి.

"ఊర్ల లొల్లి అయితుంది. ఎవరు ఫోన్ చేసినా నేను లేనని చెప్పు."

మధ్యాహ్నానికి ఫోన్ కాదు, కాశమ్మే జీపు దిగింది.

"విఠలన్నా, నేను ఎవరితోని కాంప్రమైజ్ అయిన?"

"అది... ఊకె ముచ్చట్ల అన్న..."

"నీకు ముచ్చటనే. ఓట్లయినంక ఇంకో ముచ్చట పెట్టుకుంటవ్. నేనూ నాగమణీ ఒక్క ఊర్ల బతకాలె. వాళ్లింట్ల బాలింత ఉన్నది, మా పోరడేమో నీళ్లు బంద్ వెట్టిండు. నా మాట ఇంటలేడు. పా, జీపెక్కు. ఊరి ముంగట నువ్వే చెప్పు."

విఠల్‌రావు దీనంగా భార్య వంక చూశాడు.

"పోయిరాండ్రి. అబద్ధం చెప్పిన నోరే గదా, నిజం చెప్తె అరిగిపోదు" అంది కోమలవల్లి.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద, రెండు వర్గాల మధ్య, సగం గడ్డంతో ఆయన నిలబడ్డాడు. గీయని చెంపను అరచేత్తో కప్పుకున్నాడు.

"కాశమ్మ ఎవరితోని కాంప్రమైజ్ కాలే. నాకసలు ఏం ఎర్కలేదు. ఊకె అన్న."

"మరి పైనుంచి ఖబర్ అంటివంట? పైన అంటే యాడ?" అని నిలదీసింది నాగమణమ్మ.

"మంగలి కుర్చీల... అది జర ఎత్తుగ ఉంటది."

ముందు నాగమణమ్మే పకపకా నవ్వింది. తర్వాత కాశమ్మ. నామినేషన్లు వేసినప్పటి నుంచి ముఖాలు చూసుకోని రెండు వాడలూ కలిసి నవ్వాయి. ఆ నవ్వుల్లోనే కాశమ్మ కొడుకు తలదించుకుని వెళ్లి మోటారు వేశాడు. పొద్దుగూకకముందే నాగమణమ్మ వాడ నుంచి పాల క్యాన్ వచ్చింది.

పోలింగులో కాశమ్మ కొద్ది తేడాతో గెలిచింది. విఠల్‌రావుకు ఏమీ తెలియదన్న విషయంలో మాత్రం ఊరు ఏకగ్రీవం.