జన్యువుకి గోత్ర నిర్ణయం

ద్రాక్షారామంలో విశ్రాంత హెడ్మాస్టరు నరసింహమూర్తి గారి ఇంటి వీధరుగు మీద, మొన్న ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు, ఒక జన్యువు పుట్టిల్లు ఏదో తేల్చే నిమిత్తం ఉభయ వంశాల సంయుక్త సమావేశం జరిగింది. కోరం నిండింది. పెసరట్లు మాత్రం చాలలేదు. అందుచేత హెడ్మాస్టరు గారి సతీమణి లలితాంబ గారు చర్చలో పాల్గొనే భాగ్యానికి నోచుకోక మళ్లీ పెనం దగ్గరికి వెళ్లారు.

లలితాంబ గారికి అప్పటికి మూడు నెలలుగా కడుపు ఉబ్బరంగా ఉంటోంది. రెండు ముద్దలు తింటే చాలు, పెళ్లిభోజనం చేసి లేచినంత బరువు. చీర కుచ్చిళ్లు దోపుకోవడం రోజురోజుకీ కష్టమవుతోంది. ఈ విషయం ఆవిడ భర్తకు మూడుసార్లు నివేదించుకున్నారు. మొదటిసారి వాము నమలమన్నారు. రెండోసారి సోడా తాగమన్నారు. మూడోసారి, "గ్యాసే లలితా, ఈ వయసులో అందరికీ ఉండేదే" అని తీర్పు చెప్పి పేపరు తిరగేశారు. ముప్ఫై ఐదేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి గనక ఆవిడ నమ్మారు.

ఇక జన్యువు సంగతి. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న వీరి కూతురు ఉమాశ్రీ, ఆఫీసులో పెట్టిన ఆరోగ్య శిబిరంలో సరదాకి ఒక గొట్టంలో ఉమ్మి ఇచ్చింది. కొన్నాళ్లకు ఇరవై రెండు పేజీల రిపోర్టు ఫోనుకి వచ్చింది. అండాశయ క్యాన్సర్ ప్రమాదాన్ని కాస్తంత పెంచే జన్యు మార్పు ఒకటి ఆ అమ్మాయిలో ఉందని పద్నాలుగో పేజీ చెప్పింది. ఇలాంటివి చాలామందిలో మామూలుగా ఉండేవేనని, ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చినట్టూ కాదని, లేనంతమాత్రాన రానట్టూ కాదని, ఒంట్లో తేడా కనబడి తగ్గకపోతే మాత్రం డాక్టరును కలవాలని కూడా చెప్పింది. నరసింహమూర్తి గారు మొదటి వాక్యం చదివారు. మిగతాది చదవడానికి కళ్లజోడు కావలసి వచ్చింది. కోపం మాత్రం కళ్లజోడు లేకుండానే వచ్చేసింది.

"ఏడు తరాల వంశవృక్షం రాసి లామినేషన్ చేయించినవాణ్ణి. మా వైపు ఇలాంటిది లేదు. ఇది మీ అమ్మ వైపుదే!"

"నాన్న నుంచి కూడా వస్తుంది నాన్నా," అంది ఉమాశ్రీ.

"అండాశయమే లేనివాడు ఎలా ఇస్తాడమ్మా?"

ఈ ప్రశ్నకు జవాబు ఉంది. వినేవాళ్లే లేరు. కబురు మండపేట చేరింది. లలితాంబ గారి అన్నగారు, కాలేజీ లెక్చరరు శశిభూషణ్ గారు, పుట్టింటి పరువు కాపాడే నిమిత్తం రెండు కార్లలో బంధువులను ఎక్కించుకుని దిగారు. ఆ విధంగా సమావేశం ఏర్పడింది.

శశిభూషణ్ గారు లేచి గొంతు సవరించుకున్నారు. "బావగారూ! ముప్ఫై నాలుగేళ్ల క్రితం మా నాన్నగారు పీటల మీద కూర్చుని మా చెల్లాయిని మీకు ధారపోశారు. ఆ క్షణం నుంచీ ఆవిడది హరితస గోత్రం కాదు, మీ భారద్వాజ గోత్రం. గోత్రమే మీదైపోయాక జన్యువు మాత్రం మాదెలా అవుతుందండీ?"

అరుగు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. విజ్ఞానశాస్త్రం ఇంతదూరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఉమాశ్రీ పాత క్యాలెండరు వెనక బొమ్మలు గీసి వివరించబోయింది గానీ, అధ్యక్ష స్థానంలో ఉన్న మాస్టారు సమయం లేదన్నారు. అప్పుడు ముహూర్తాలు పెట్టే ఊరి సిద్ధాంతి గారు కల్పించుకుని ధర్మసూక్ష్మం చెప్పారు. తల్లిదండ్రులు పోతే పెళ్లయిన ఆడపడుచుకి మైల పది రోజులు కాదు, మూడే రోజులు. కాబట్టి జన్యువులోనూ పదింట మూడు పాళ్లు పుట్టింటివి, ఏడు పాళ్లు అత్తింటివి. ఇలా పంచడం లెక్కల మాస్టారికి నచ్చింది. ఏడు ఎక్కువ గనక శశిభూషణ్ గారికీ నచ్చింది. తీర్మానం రాయడానికి తెల్లకాగితం తెచ్చారు, దాంతోపాటు మరో వాయి పెసరట్లు తెమ్మని లోపలికి కేక వేశారు.

ఆ సమయానికి పెరటి గుమ్మం దగ్గర సుబ్బాయమ్మ చేపల తట్ట దించింది. వెనక వీధికి వెళ్తూ ఇక్కడ ఆగి గ్లాసుడు మజ్జిగ తాగడం ఆవిడకి అలవాటు. ఆ తట్టలోది ఈ ఇంటికి పనికిరాదు, మజ్జిగకి మాత్రం ఆ పట్టింపు లేదు.

"ఏంటండీ అమ్మగారూ, మనిషి చూత్తే చిక్కిపోయారు, పొట్టేమో పెరిగిపోయింది?"

"గ్యాసు, సుబ్బాయమ్మా."

"ఎవరన్నారండీ, డాట్రుగారా?"

"మాస్టారు."

"మా తోటికోడలికీ గ్యాసు గ్యాసనే అన్నారండి. చూపించేసరికి ఆలీసం అయిపోయింది. లెగండి, సందు చివర ఆటో ఉంది."

లలితాంబ గారికి ఏడుపొచ్చింది. భయంతో కాదు. మూడు నెలల్లో తన వంక సరిగ్గా చూసిన మొదటి మనిషి చేపలమ్మే మనిషి అయినందుకు. ఆవిడ కొంగు నోట కుక్కుకుని, పెనం మీద అట్టు ఉండగానే పొయ్యి కట్టేశారు. కాపురానికొచ్చాక అలా చేయడం అదే మొదలు.

రామచంద్రపురంలో ఆదివారం కూడా తెరిచి ఉండే నర్సింగ్ హోములో స్కాను తీశారు. డాక్టరమ్మ తెర వంక చాలాసేపు చూసింది. "అండాశయం మీద గడ్డ ఉందమ్మా. ఏమిటన్నది మరికొన్ని పరీక్షలు చేస్తే గానీ చెప్పలేం. రేపే కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లండి. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"వాము నమిలానండి," అన్నారు లలితాంబ గారు.

మధ్యాహ్నం రెండింటికి ఆవిడ తిరిగొచ్చేసరికి అరుగు మీద ఆకలితో పాటు ఆగ్రహం కూడా ముదిరింది. ఏడు-మూడు తీర్మానం కింద అందరి సంతకాలూ అయ్యాయి. ఆవిడ స్కాను కాగితం దాని పక్కన పెట్టారు. నరసింహమూర్తి గారు ఈసారి కళ్లజోడు పెట్టుకుని ఆఖరి అక్షరం దాకా చదివారు.

శశిభూషణ్ గారు మెల్లగా అడిగారు: "బావగారూ, ఇది కూడా ఆ తీర్మానంలోకే వస్తుందంటారా, వేరే రాసుకోవాలా?"

"కాకినాడలో గోత్రం అడగరట అన్నయ్యా, ఆధార్ కార్డు చాలట," అన్నారు లలితాంబ గారు. "రేపు ఏడింటికి ఆటో వస్తుంది. సుబ్బాయమ్మ తోడొస్తానంది. ఇంకో ఇద్దరికి చోటుంది."

ఉమాశ్రీ క్యాలెండరు కింద పడేసి తల్లి పక్కకు వెళ్లి నిలబడింది. ఇంకో చోటు కోసం మాస్టారు చెయ్యెత్తారు, క్లాసులో లెక్క తప్పిన కుర్రాడిలా.

పాఠకులు ఈ కుటుంబాన్ని చూసి నవ్వుకోవచ్చు, అభ్యంతరం లేదు. మన ఇళ్లు ఇలాంటివి కావు. మనం ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఫోనులో వచ్చిందల్లా నలుగురికీ పంపిస్తాం. ఇప్పుడే మనకి వడ్డించి, తాను రెండు ముద్దలు తిని చాలని లేచిపోయిన ఆవిడ సంగతంటారా? గ్యాసే అయ్యుంటుంది లెండి.