బుల్లయ్యగారి సాహిత్య సేవ

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏజెంటు లేని రచయిత ఉండడు!" అని మంత్రిగారు చిలకలూరిపేట సభలో ప్రకటించారు. మండలానికో సాహిత్య ఏజెంటు. రాసింది ఆయన చేతిలో పెడితే చాలు, అచ్చు సంగతి ప్రభుత్వమే చూసుకుంటుంది. తమ ఆత్మకథ కూడా త్వరలోనే వస్తుందనీ, రాయడం ఒక్కటే తరువాయనీ సెలవిచ్చారు.

ఏజెంటుగా మిరపకాయల కమీషన్ వ్యాపారి బుల్లయ్యగారిని వేశారు. ప్రతి ఎన్నికలకూ లారీల్లో జనాన్ని తోలిన అనుభవం ఆయనది. సాహిత్యానికి అంతకంటే ఏం కావాలి?

ఈ కబురు విని కోటిరత్నం గుండె జారిపోయింది. కూతురు సంతోషకుమారి మిషన్ స్కూల్లో టీచరు. నవల రాసి పూర్తి చేసింది. అంతా కోటిరత్నం కథే. ఆమే చెబుతున్నట్టు రాసింది.

"మీ నాయనమ్మ పేరుందంటే మీ బాబాయిలు కర్రలు తీసుకొస్తారే!"

"తీసేశాలేమ్మా."

"ఊరి పేరో?"

"అదీ తీసేశా. మొత్తం 'నేను, నేను' అనే ఉంది."

"మరి పైన నీ పేరెందుకు? ఉద్యోగం ఊడితే?"

పేరు అచ్చులో వేయించుకోవచ్చులెమ్మని కూతురు విసిగి పైకాగితం చింపేసింది. ఆ పూట తల్లి కడుపునిండా తిన్నది.

తల్లీకూతుళ్లు తెచ్చిచ్చిన కట్టను బుల్లయ్యగారు చేత్తో తూచారు. బస్తాలోంచి కాయ తీసినట్టు మధ్యలోంచి ఓ కాగితం లాగి వాసన చూశారు.

"చెమ్మ తగిలిందేం?"

"అక్కడ మా అమ్మ ఏడ్చిందండి."

"పర్లేదు. పేర్లేవీ?"

"కేసులవుతాయని నేనే తీయించానయ్యా," అంది కోటిరత్నం.

బుల్లయ్యగారి మొహం వెలిగిపోయింది. "ఒక్క పేరూ లేదా! ఇట్టాంటి సరుకు కోసమేనమ్మా హైదరాబాదు నుంచి రోజూ ఫోను!"

నెల తిరక్కుండా అచ్చయింది. ఆవిష్కరణ సభలో తల్లీకూతుళ్లకు ముందు వరసే వేశారు. తెర తొలగితే అట్ట మీద దండలతో మంత్రిగారు నవ్వుతున్నారు.

"అమ్మా, అది నాది!" అంటూ లేచింది సంతోషకుమారి.

"కూర్చోవే! మన పేరు లేదు, బతికిపోయాం!"

మంత్రిగారు తమ ఆత్మకథను అప్పుడే మొదటిసారి తెరిచి, మైకులో చదవసాగారు.

"నేను పేదింట పుట్టాను. పత్తి ఏరి పెరిగాను."

కలెక్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

"అత్తగారింట్లో అడుగుపెట్టిన నాటి నుంచి గొడ్డుచాకిరీ చేశాను."

"ఇల్లరికం వెళ్లినా ప్రజల్ని మరవని నాయకుడు!" అని బుల్లయ్యగారు అరిచారు. చప్పట్లు మోగాయి.

కోటిరత్నం కూతురి చేయి గట్టిగా పట్టుకుంది.

"ఎవరైనా ఆయన్ని ఆపండర్రా! తర్వాత పేజీలో నువ్వు పుడతావే!"

మంత్రిగారు గుక్కెడు మంచినీళ్లు తాగి, పేజీ తిప్పారు.