టేకు నేల మీద అలుకు

బోధన్ శక్కర్ ఫ్యాక్టరీలో చెరుకు కాంటా గుమాస్తా రాందాసు ఆ గురువారం పొద్దున లేస్తూనే వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు గదిలో తన చేతులతో పరిచిన టేకు చెక్కల నేలను మెత్తని గుడ్డతో ఒకసారి తుడవాలి. మర్నాడు వస్తానని కబురు పెట్టిన ఇంటి యజమాని బాపురావు దాన్ని చూడాలి, చూసి నోరు తెరవాలి, తెరిచిన నోటితోనే ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదనాలి. అంతే.

"దసరా దాటినంక నా ఇల్లు నాకు గావాలె" అని బాపురావు ముందే ఒక మాట అనేసి ఉన్నాడు. చెరుకు బండ్లు దిగి, పనివాళ్లతో ఊరు నిండే కాలానికి బోధన్‌లో అద్దె ఇల్లు వెతకడమంటే తలప్రాణం తోకకు రావడమే. సరిగ్గా అప్పుడే డిచ్‌పల్లి దారిలో ఎవరిదో పాత బంగళా పడగొడుతున్నారనీ, నేల చెక్కలు అమ్ముతున్నారనీ తెలిసింది. రాందాసు వెళ్లి ఒక్కో చెక్కనూ పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూసి ఎంచుకున్నాడు. పాలిషుతో సహా తయారుగా ఉన్న టేకు. ఒక చెక్క అంచు పక్కదాని గాడిలో దూర్చి మేకు కొట్టుకుంటూ పోవడమే. ఈ మాత్రం దానికి వడ్రంగి ఎందుకని సుత్తి తానే పట్టాడు.

"పరాయి ఇంట్ల మన చెక్కలెందుకయ్యా? రేపు ఎళ్లగొడ్తె పీక్కపోతమా?" అంది భార్య రుక్మాబాయి.

"కిరాయికున్నోడు ఇంటిని గింత మంచిగ సూసుకుంటుంటె ఏ మాలికన్న పొమ్మంటడా? నీకు తెల్వది, ఊకో."

నడుం పడిపోయేదాకా కష్టపడి, గోడ నుంచి గోడకు చీమ దూరే సందు లేకుండా బిగించాడు. ఆ బిగింపే తన పనితనమని బజారంతా చాటుకున్నాడు కూడా.

ఇప్పుడు గుడ్డ పట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి అక్కడ టేకు లేదు. పేడ ఉంది. ఈ మూల నుంచి ఆ మూలదాకా శుభ్రంగా అలికి, నడిమధ్యన ముగ్గు కూడా పెట్టి ఉంది. ముందురోజే వేల్పూరు నుంచి వచ్చిన తల్లి సాయవ్వ గడప దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"అవ్వా! ఏం జేసినవే!"

"రేపు శుక్రారం గాదు బిడ్డా? కొత్త నేల మీద అలుకు పడకుంట అడుగు వెడ్తరా? నీ పెండ్లానికి సోయి లేదు, నేనే అలికిన."

"గది టేకే అవ్వా! పాలిషు!"

"టేకయితేంది? కాళ్ల కిందున్నది నేలనే గద."

రాందాసుకు ఏడవాలో అరవాలో తెలియక రెండూ కలిపి చేశాడు. తడిగుడ్డతో తుడిస్తే పోతుందని రుక్మాబాయి అంటున్నా వినకుండా, బావి దగ్గరికి పరుగెత్తి బొక్కెన తర్వాత బొక్కెన తెచ్చి కుమ్మరించాడు. నీళ్లన్నీ చెక్కల సందుల్లోంచి ఇట్టే దిగిపోయాయి. నీళ్లు నిలవని నేల అని మురిసిపోయాడు కూడా, వెర్రివాడు.

శుక్రవారం తెల్లారేసరికి ఆ నీళ్లన్నీ తాగిన చెక్కలు ఒళ్లు చేశాయి. పక్కలకు జరుగుదామంటే గోడల దగ్గర సందు లేదు. ఇక పైకి లేవక ఏం చేస్తాయి? గది మధ్యలో ఎద్దు మూపురంలా లేచి కూర్చున్నాయి. రాందాసు బియ్యం బస్తా తెచ్చి మూపురం మీద వేస్తే అది కాస్త అణిగి కిటికీ వైపు లేచింది. అటు తొక్కితే ఇటు వచ్చింది. ఇంతలో బయట బాపురావు దగ్గు వినిపించింది.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. బస్తా లాగేసి, మూపురం మీద జంపఖానా కప్పి, వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు చూడకుండా బాపురావును లోపలికి లాగి తలుపు మూశాడు.

"గిటు కూసోండ్రి సేటు, మీకోసమే గద్దె ఏసినం."

బాపురావు భారీ మనిషి. ఆయన కూర్చోగానే మూపురం కిర్రుమని అణిగిపోయింది. అమ్మయ్య అనుకునేలోపు తలుపు వెనక చెక్కలు టపటప లేచాయి. లోపలికి తెరుచుకునే తలుపు అది. ఆ ఇంటికి ఉన్నదీ అదొక్కటే.

చాయ తాగి, నోరు పుక్కిలించడానికి లేచి, బాపురావు తలుపు లాగాడు. రాలేదు. రాందాసు లాగాడు. రాలేదు. నలుగురూ కలిసి తలుపు దగ్గర చెక్కలు తొక్కితే అవి అణిగి, వెనక మూపురం లేచింది. తలుపు తీద్దామని పక్కకు జరిగితే మళ్లీ ఇక్కడే లేచాయి. తొక్కితే తలుపుకు మనుషులు అడ్డం, దిగితే చెక్కలు అడ్డం. నాలుగోసారి తొక్కేటప్పటికి బాపురావు ఓపిక చచ్చింది.

"నీ నేల పాడుగాను! దసరా మాట ఊకనే బెదిరియ్యనీకె అన్న, మొన్నటిదాంక నిన్నే ఉండనిద్దామనుకున్న. నీ టేకు నేల ముచ్చట బజార్ల ఇని మా అల్లుడు గీ ఇల్లే గావాలని పట్టువట్టిండు. నిన్ను ఎళ్లగొట్టి ఆయన్ని దింపుదామనే ఇయ్యాల అచ్చిన!"

రాందాసు కాళ్ల కింద నేల ఉన్నా లేనట్టయింది.

"ఇగ గీ కొంపల మా బిడ్డా అల్లుడా? కలల గూడ తోలియ్య! నువ్వే ఉండు! సచ్చేదాంక నువ్వే ఉండు!"

అంటూనే ఊచలు లేని వంటింటి కిటికీలోకి తల దూర్చాడు. మిగతా శరీరాన్ని లోపలినుంచి ముగ్గురూ నెట్టారు.

"సూసినవా బిడ్డా? అలుకు పడ్డ ఇల్లు ఇడువదు" అంది సాయవ్వ, కొడుకు నెత్తి నిమురుతూ. రాందాసుకు ఒళ్లు మండిపోయింది. విసురుగా వెళ్లి మళ్లీ తలుపు లాగాడు.

ఆ తర్వాత ఖాళీ చెయ్యమని వాళ్లనెవరూ అడగలేదు. చేద్దామన్నా తలుపు రాలేదు.