డైరెక్టర్ గారి ఖాళీ కోర్లు

మనిషి కనిపెట్టిన పంపకాలన్నిటిలోకీ న్యాయమైనది వర్చువల్ మెషీన్. ఒకే లినక్స్ సర్వర్‌ను లోపల్లోపల వాటాలు వేసి, ప్రతి వాటానూ "అసలు కంప్యూటర్‌వి నువ్వే" అని నమ్మిస్తారు. (ఉమ్మడి కుటుంబంలో అత్తగారు ప్రతి కోడలితోనూ విడివిడిగా చెప్పేది ఇదే.)

ఆ కార్యాలయంలో ఈ నమ్మించే ఉద్యోగం సర్వర్ గది ఇంజినీరుది. ప్రాసెసర్‌లో పనిచేసే చేతులు, అంటే కోర్లు, పన్నెండు. పనిని బట్టి పంచుదామని మొదట్లో అన్నాడు, పాపం, కొత్తవాడు. హోదాను బట్టి పంచాలని కేటాయింపుల అధికారి నిబంధన తెచ్చాడు. డైరెక్టర్ గారి మెషీన్‌కు ఎనిమిది కోర్లు, ఇంకెవరూ ముట్టకుండా కట్టేసి మరీ ఇచ్చారు. అందులో నడిచేది ఒక గడియారం బొమ్మ. (అదీ కాస్త వెనకబడే నడుస్తుంది.) మూడు కోర్లతో మిగతా విభాగాలన్నీ సర్దుకున్నాయి. సెలవులు మంజూరు చేసి, గేటు తెరిచే మెషీన్‌కు చివరికి మిగిలిన ఒక్క కోరు దక్కింది. మెమరీ మాత్రం ధారాళంగా రాసిచ్చి, బెలూన్ అనే ఏర్పాటుతో దొడ్డిదారిన వెనక్కి లాగేసుకున్నారు. కాగితం మీద అది ఇప్పటికీ పుష్టిగానే ఉంది.

ఒక ఉదయం ఇంజినీరు భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, నొప్పులు మొదలయ్యాయి. అమ్మా నేనూ ఆస్పత్రికి బయల్దేరాం. మీరూ వచ్చెయ్యండి, నాకు భయంగా ఉంది."

"ఇదిగో, వచ్చేస్తున్నా."

తొలి కాన్పు. అతను సెలవు దరఖాస్తు నొక్కి గేటు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"సెలవు ఓకే అయితేనే తెరుచుకుంటుంది సార్," అన్నాడు వాచ్‌మన్. "మొన్న నేనూ ఇక్కడే పడుకున్నా."

ఇంజినీరు కేటాయింపుల అధికారి గదికి పోయి బతిమాలాడు. "డైరెక్టర్ గారి కోర్లు ఖాళీగానే ఉన్నాయండీ. ఒక్కటి ఇటు తిప్పితే చాలు, ఒక్క కమాండు పని. మా ఆవిడ అక్కడ..."

"ఎవరి ఖాళీ అనుకున్నావయ్యా అది? డైరెక్టర్ గారి ఖాళీ! దానికో మర్యాద ఉండదూ?"

అలాగని అధికారి మనసు లేని మనిషేం కాదు. సెలవుల మెషీన్ ఎందుకు నత్తనడక నడుస్తోందో తేల్చడానికి అప్పటికప్పుడు ఒక పరిశీలన మెషీన్ మంజూరు చేశాడు. దానికి కావలసిన అర కోరును సెలవుల మెషీన్ నుంచే కోశారు. (ఎవరి జబ్బుకు వైద్యమో వాళ్లే ఖర్చు భరించాలని నిబంధన.) ఆ కమాండు ఇంజినీరు చేతే కొట్టించారు. దాంతో తెర మీద చక్రం తిరగడం కూడా మానేసింది.

సాయంత్రానికి అత్తగారి ఫోన్ వచ్చింది. "అల్లుడుగారూ, ఆడపిల్ల! ఇద్దరూ కులాసా. అమ్మాయి గుమ్మం వైపే చూస్తోంది, ఎక్కడున్నారు బాబూ?"

"గేటు దగ్గరే ఉన్నానండీ," అంటూ ఏడ్చేశాడు. సంతోషమెంతో ఉక్రోషమూ అంతే.

కబురు ఆఫీసంతా పాకింది. కేటాయింపుల అధికారి దాన్ని పద్ధతి ప్రకారం దరఖాస్తుకు జతచేశాడు. డైరెక్టర్ గారు కరిగిపోయి, తమ ఎనిమిది కోర్లనూ కాసేపు ఇంజినీరు చేతే సెలవుల మెషీన్‌కు ఇప్పించారు. జవాబు రెప్పపాటులో వచ్చింది: "ప్రసవం పూర్తయినందున సెలవుకు కారణం లేదు. తిరస్కరించడమైనది."

మెషీన్‌కు వేగం పెంచే ట్యూనింగ్ అంటే ఇదీ అని, మూసిన గేటుకు ఇవతల నిలబడి అధికారులంతా ఇంజినీరుకు చప్పట్లు కొట్టారు.