పెరట్లో సారా

ఆ శనివారం పొద్దున యిర్మియా పెట్టుకున్న పని ఒక్కటే, నవల చివరి అధ్యాయం చదవడం. సైకలాజికల్ థ్రిల్లర్లను ఏళ్ల తరబడి నమిలి మింగిన మనిషి అతను. విశాఖపట్నం ఓడ తమ ద్వీపానికి వస్తే జెట్టీకి అందరూ చుట్టాల కోసం వెళ్లేవారు, అతను పుస్తకాల కోసం పరిగెత్తేవాడు. హంతకుణ్ణి సగం నవలలోనే పట్టేస్తానని తాముండే డైరీ ఫార్మ్ పేటంతా చెప్పుకునేవాడు. ఈసారి డాక్టరే చంపాడని తేల్చాడు. తీరా చూస్తే భార్య ఎలీసబెతు ఆ పుస్తకాన్ని పక్కింటి సారాకు ఇచ్చేసింది.

"సదివేసినారనుకున్నానండీ. ఎల్లి అడగండి, ఇచ్చేత్తాది."

"కథ చెప్పొద్దని ముందే అనాలి. చివర తెలిసిపోతే నా ప్రాణం పోయినట్టే" అంటూ యిర్మియా బయలుదేరాడు.

పక్కింటి తలుపు వేసి ఉంది. పెరట్లో సారా మొగుడు జ్ఞానయ్య అటు తిరిగి కూర్చుని, గోడ అవతలి మేస్త్రీతో హిందీలో మాట్లాడుతున్నాడు. "సారా కాట్ దియా భయ్యా. థోడా తుమ్ లే జావ్. బాకీ నమక్ లగాకే రఖ్ దేతా హూఁ."

యిర్మియా ఆ మాటల్ని మనసులో తెలుగు చేసుకున్నాడు. సారాను కోసేశాడట. కొంచెం మేస్త్రీకి ఇచ్చి, మిగిలింది ఉప్పేసి దాస్తాడట. అంతలో జ్ఞానయ్య ఇటు తిరిగాడు. చేతిలో కత్తి, లుంగీ మీద నెత్తురు. రేపు ఆరాధనలో సంఘపెద్ద కాబోతున్న మనిషి. ఇంత మంచివాడు ఇంత పని చేస్తాడా? మంచివాడు కాబట్టే చేస్తాడని అతను చదివిన నవలలన్నీ చెప్పాయి.

అయినా అనుభవమున్న పాఠకుడు తొందరపడడు. మాటల్లో పెట్టి రాబట్టాలి. ఎప్పుడూ చెల్లెమ్మ అనేవాడే, కంగారులో ఉత్త పేరు వచ్చేసింది. "బావా, సారా ఏది?"

జ్ఞానయ్య మొహం పాలిపోయింది. "నీకెవలు సెప్పినారు?"

"తెలిసింది."

"మెల్లిగా మాటాడు బావా. కొబ్బరిసెట్టు కింద కప్పెట్టేసినాను. పాస్టరుగారికి తెలిస్తే రేపు నన్ను పెద్దని సెయ్యరు."

పెళ్లాం పోతే పదవి గురించి బెంగపడేవాడు ఏ నవలలోనూ తగల్లేదు. "బాధగా లేదా బావా?"

"బాధే మరి. సగమే ఖతమ్ చేసినాను. సాయంత్రం రా, మిగతాది ఇద్దరం కలిసి కానిచ్చేద్దాం."

సగమేనా? అంటే ఇంకా ప్రాణముందన్నమాట. యిర్మియా పరుగున పోయి, ప్రసంగం తయారుచేసుకుంటున్న పాస్టరు బాలస్వామిగారిని లాక్కొచ్చాడు. దారిలో విన్నవాళ్లంతా పారలు పట్టుకుని వెంటపడ్డారు.

"తవ్వకండి అయ్యగారూ" అని జ్ఞానయ్య అడ్డంపడ్డాడు. "పాపం చేసినాను, ఒప్పుకుంటున్నాను."

ఎలీసబెతు గొల్లుమంది. పార దేనికో ఖణేల్మని తగిలింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మట్టిలోంచి సగం ఖాళీ అయిన సారా సీసా పైకి వచ్చింది.

"ఇదేటి?" అంది వెనకనుంచి ఒక గొంతు. చౌల్దారీ ఊళ్లో అమ్మగారింటికి వెళ్లి అప్పుడే బస్సు దిగిన సారా. చంకలో నవల.

యిర్మియా సీసానూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. అతనికి ఏమీ బోధపడలేదు. "మరి సారా కాట్ దియా అన్నాడు?"

"మఛ్లీ, భయ్యా" అంటూ మేస్త్రీ గోడ మీంచి పెద్ద చేపముక్క ఎత్తి చూపించాడు. "సారా మానే పూరా."

చేపనంతా కోసేశానన్నాడు జ్ఞానయ్య. సారా అంటే 'అంతా' అని ద్వీపంలో పుట్టిన పసిపిల్లలకూ తెలిసిన హిందీ.

రేపటి సంగతి మళ్లీ ఆలోచిద్దామన్నారు పాస్టరుగారు. జ్ఞానయ్య తల దించుకున్నాడు. తాగుడు మానేశానని బైబిలు మీద ఒట్టేసిన మొగుడి వైపు సారా ఒక చూపు చూసింది. తర్వాత తన ఇంటి గుట్టు సంఘమంతటికీ తవ్వి చూపించిన యిర్మియా వైపు తిరిగింది.

"పుస్తకం కోసమొచ్చినావా అన్నయ్యా? బస్సులో పూర్తి చేసేసినాను."

యిర్మియా ఆత్రంగా చేతులు చాచాడు. "కథ మాత్రం చెప్ప..."

"చంపింది డాక్టరు కాదు. అందర్నీ అనుమానిస్తా తిరిగినాడు సూడు, ఆ పక్కింటోడు" అంటూ సారా పుస్తకం అతని చేతిలో పెట్టింది.

ఆ రోజు డైరీ ఫార్మ్‌లో నిజంగా ప్రాణం పోయింది ఒక్క యిర్మియాకే.