అటకెక్కిన మొగుడి పాట

"ఉదయగిరిలో ఏ నేరం జరిగినా దాని ఆయుష్షు ఇరవై నాలుగు గంటలే!" అని తనను తాను డిటెక్టివ్‌గా చెప్పుకునే సైమన్ గంభీరంగా ప్రకటించాడు. ఇంతవరకు అతను ఛేదించిన కేసులు సున్నా. ఆ సంగతి తెలిసినా, స్నేహితుడు గనక సురేశ్‌బాబు తలూపాడు.

ఎదురుగా ఆత్మకూరు ఓబయ్య కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఒకప్పటి నాటకాల హాస్యగాడు. పెళ్లానికి జడిసి అటకెక్కిన మొగుడి పాట ఆయన ఎత్తుకుంటే జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. ఆ పాత నాటకాన్ని ఆదివారం సాయంత్రం ఉదయగిరిలో మళ్లీ ఆడుతున్నారు.

"మా గురువు నాటి పాట నాయనా. మాటలన్నీ ఉండాయి, రాగమే గుర్తు రాలా. పాడి ఇరవై ఏండ్లాయె. ఆదివారం లోపల పాడి వినిపించకుంటే వేషం ఇంకొకరికిస్తామన్నారు. నాకిదే ఆఖరి వేషం."

"గుర్తు రాకపోవడం కాదు తాతా. ఎవరో కాజేసినారు" అన్నాడు సైమన్.

"రాగాన్ని ఎట్టా కాజేస్తార్రా?" అన్నాడు సురేశ్‌బాబు.

"ఎట్టా అని నువ్వడగతా ఉండావే, అదే వాళ్ల తెలివి."

అనుమానం బస్టాండు క్యాసెట్ల కొట్టు సిద్ధయ్య మీద పడింది. సైమన్ నల్లకళ్లద్దాలు, అతికించిన మీసంతో మూడు రోజులు కొట్టు ముందు కాపలా కాశాడు. మూడో రోజు సిద్ధయ్య, "ఏంది సైమన్, మీసం ఒకపక్క ఊడుతుండాది, చూసుకో" అన్నాడు.

ఆదివారం పొద్దున ఓబయ్య, "ఇంక చాలు నాయనా" అని చెప్పిపోదామని వచ్చాడు. సైమన్ చర్చిలో ఉన్నాడు. ఆరాధన ఎగ్గొడితే వాళ్లమ్మ లిదియమ్మ అన్నం పెట్టదు. సురేశ్‌బాబు ముసలాయన్ని చర్చి గుమ్మం దాకా తీసుకెళ్లాడు. లోపల అందరూ లేచి నిలబడి ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. అందరికంటే పెద్ద గొంతు సైమన్‌దే.

ఓబయ్య చేతికర్ర కిందపడింది. "ఇదేరా! ఇదే నా రాగం!"

ఆరాధన అయ్యాక లిదియమ్మ చెప్పింది. "మా నాయన చెప్పేవాడు. జనానికి తొందరగా నోటికి రావాలని అప్పట్లో నాటకాల రాగాల్లోనే కీర్తనలు కట్టేవాళ్లంట. వీడు మూడో ఏటి నుంచీ దీన్ని పాడతానే ఉండాడు."

సైమన్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "రాగం ఇక్కడుందని నాకు ముందే తెలుసు. ఎవురికీ అనుమానం రాకూడదనే మూడు రోజులు ఈ పక్క రాకుండా వల పన్నినా."

సాయంత్రం ఓబయ్య పాట మొదలుపెట్టాడు. ముందు కూర్చున్న చర్చివాళ్లంతా అలవాటు కొద్దీ లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. వాళ్లను చూసి వెనకవాళ్లూ లేచారు. అటక మీద మొగుడు పెళ్లాన్ని బతిమాలుకుంటున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. చివర్లో అందరూ "ఆమెన్" అన్నారు.

"నా పాటకి ఇంతవరకు ఎవురూ లేచి నిలబడలేదయ్యా" అంటూ ఓబయ్య వేదిక మీదే కళ్లు తుడుచుకున్నాడు.

సురేశ్‌బాబు పక్కకు చూశాడు. సైమన్ కూడా నిలబడే ఉన్నాడు. ఒక కన్ను భక్తిగా మూసి, రెండో కంటితో జనాన్ని లెక్కపెడుతున్నాడు.

"ఇంతమంది ఒకేసారి లేచినారంటే ముందే కూడబలుక్కున్నారురా. కొత్త కేసు. రాసుకో. మొదటి పేరు మా అమ్మ."